ప్రతిభను గుర్తించు చూపు

పువ్వు పుట్టగనే పరిమళించునని పెద్దలందురు. గొప్పవారి బాల్యమును గూర్చి చెప్పునపుడెల్ల ఈ సామెత మన నోటికి వచ్చును. పెరటి చెట్టు మందునకు పనికిరాదను మరియొక సామెతయు మన భాషలోనే కలదు. ప్రతిభ తనంత తానే వెల్లడియగునని మొదటి సామెత చెప్పుచున్నది. కన్నుల యెదుటనున్న ప్రతిభను సైతము మనము చూడలేమని రెండవది హెచ్చరించుచున్నది. రెండును అనుభవము నుండి పుట్టిన మాటలే. కావుననే, పిల్లవానిలోని శక్తిని సకాలమున గుర్తించి, దానిని తగిన త్రోవను పెట్టువాడు ఒకడుండవలెను. క్రీడారంగమున అట్టివాని పని యెట్టిదో, అది యెంత బాధ్యతతో కూడినదో, కోనసీమలో పుట్టిన ఇద్దరు ఆటగాండ్ర కథ వలన తెలిసికొందము.

గౌతమి, వసిష్ఠ అను గోదావరి పాయల నడుమ సముద్రము నానుకొనియున్న ముక్కోణపు నేల కోనసీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఏ త్రోవను పోయినను కాలువగట్లును కొబ్బరితోటలును కనబడును. కొత్త తోట వేయదలచిన రైతు చేతికి దొరికిన ప్రతి కాయను పాతిపెట్టడు. ఏటేట తప్పక కాయు నడివయసు చెట్టును ఎన్నుకొని, దాని కాయలనే విత్తనమునకు దింపించును. నారుమడిలో ముందుగా మొలచి, మొదలు లావెక్కి, ఆకులు చక్కగా విప్పిన మొక్కలనే ఏరును. అట్లు ఏరి నాటినను, పొడవు రకపు చెట్టు కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. అనగా నేడు కనబడు గుర్తులను బట్టి ఆరేడేండ్లకు రాబోవు ఫలమును అతడు ఊహింపవలెను. బాలక్రీడాకారులను ఎంచువాని పనియు ఇట్టిదే. పదమూడేండ్ల బాలుని చూచి, అతనిలో ఇరువదియేండ్ల యువకుని ఊహించుట అతని పని. అయితే ఈ పోలిక కొంతవరకే చెల్లును. ఎచ్చట చెల్లదో చివర చూతము.

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన అమలాపురములో జన్మించెను. తండ్రి కాశీ విశ్వనాథం వ్యాయామోపాధ్యాయుడు. రాష్ట్రస్థాయిలో బ్యాడ్మింటన్ ఆడినవాడు. మన ఊళ్లలో ఈ ఆటను 'షటిల్' అని పిలుచుట వాడుక. తల్లి రంగమణియు ఉపాధ్యాయినియే. అన్నయు ఈ ఆట ఆడినవాడే. అందుచేత ఈ బాలుని ప్రతిభను మొట్టమొదట గుర్తించిన కన్ను ఎక్కడనో దూరమున లేదు, ఇంటిలోనే యున్నది. ఈ విషయము చిన్నదిగా తోచవచ్చును గాని చిన్నది కాదు. ఏ పెద్ద శిక్షకుడును దేశములోని ప్రతి వీథికిని పోయి ప్రతి బాలుని చూడజాలడు. ఊరిలోని వ్యాయామోపాధ్యాయుడు చూచి చెప్పినచో గాని ఆ పేరు పట్టణము చేరదు. జల్లెడలలో మొదటిదియు, అన్నిటికంటె వెడల్పయినదియు బడిలోని ఆటస్థలమే.

2014వ సంవత్సరమున సాత్విక్ హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరెను. అప్పటికతడు పదునాలుగేండ్లైనను సరిగా నిండని బాలుడు. అనగా మీ యీడువాడే. ఆ వయస్సున ఇంటిని, ఊరిని, తోడి పిల్లలను విడిచి, ఆట కొరకై దూరమున నుండుట పెద్దవారికి సైతము కష్టమైన పని. పిల్లవానిని పంపు తల్లిదండ్రులకును అది సులభము కాదు. ఇతడు తప్పక పైకి వచ్చునని ఆనాడు ఎవరును వ్రాసి ఇయ్యలేదు. ప్రతిభను గుర్తించినవాని మాట యందు విశ్వాసముంచియే కుటుంబములు ఇట్టి సాహసమునకు పూనుకొనును. కావుననే ఆ మాట తేలికగా పలుకదగినది కాదు.

ఇక ఆటను గూర్చి కొంత చెప్పవలెను. బ్యాడ్మింటన్ ఆటస్థలము పొడవు 13.40 మీటర్లు. డబుల్సు ఆటకు దాని వెడల్పు 6.10 మీటర్లు. పదునారు ఈకలు గల షటిల్ బరువు అయిదు గ్రాములకు అటునిటుగా నుండును. డబుల్సులో ఒక్కొక్క వైపున ఇద్దరు చొప్పున ఆడుదురు. దాడి చేయునపుడు ఒకడు వెనుక నిలిచి బలముగా కొట్టును. రెండవవాడు వలకు దగ్గరగా నిలిచి, తిరిగి వచ్చిన షటిల్‌ను మెరుపువలె అందుకొనును. ఎదిరి దాడి చేయునపుడు ఇద్దరును ప్రక్కప్రక్కన నిలిచి కాచుకొందురు. కనుక వెనుక నిలుచువానికి భుజబలమును, ముందు నిలుచువానికి మణికట్టు నేర్పును ముఖ్యములని సామాన్యముగా తలచెదరు. ఒక జంటలో ఈ రెండు గుణములును చెరియొకరియందు ఉండవలెనని ఎవరైనను చెప్పుదురు.

మలేషియా దేశీయుడైన టాన్ కిమ్ హెర్ 2015లో భారత డబుల్సు ఆటగాండ్రకు శిక్షకుడుగా వచ్చెను. ఆయన కంటికి ఇద్దరు యువకులు కనబడిరి. ఒకడు అమలాపురపు సాత్విక్. మరియొకడు అతనికంటె మూడేండ్లు పెద్దవాడు, ముంబయి నగరమున 1997లో పుట్టిన చిరాగ్ శెట్టి. ఇద్దరును పొడగరులు. ఇద్దరును వెనుక నిలిచి బలముగా కొట్టుటకు అలవాటుపడినవారు. పైన చెప్పిన సూత్రము ప్రకారము వీరిని ఒక జంటగా కూర్చుట పొరపాటు. ఇద్దరును వెనుకకే పోయినచో వలకడ నిలుచువారెవరు? ఈ కూర్పు మొదట ఆ యువకులకే వింతగా తోచినది. అయినను 2016లో టాన్ వారిని జంటగా కూర్చెను.

ఆయన ఆలోచన యెట్టిదో గమనింపుడు. వలకడ ఆడుట అభ్యాసము వలన నేర్వవచ్చును. పొడవును, ఆ పొడవు నుండి క్రిందికి దిగు దెబ్బ యొక్క వేగమును ఏ గురువును నేర్పజాలడు. ఒక్కనియందే అరుదుగా కనబడు ఆ బలము ఇద్దరియందును ఉన్నచో, ఎదిరికి విశ్రాంతి యెక్కడిది? ఎవరు వెనుకకు పోయినను దాడి తగ్గదు. లోపమును నేర్పి పూరింపవచ్చును; లేని వరమును తెచ్చి పెట్టలేము. నేర్పదగినదానిని, నేర్పరానిదానిని వేరుచేసి చూచుట ప్రతిభను ఎంచువానికి మొదటి పాఠము. ఆ సంవత్సరమే ఈ జంట మారిషస్, బంగ్లాదేశ్ దేశములలో జరిగిన అంతర్జాతీయ పోటీలలో విజయము పొందెను.

ఇట్లనినంతనే అందరికిని ఒకే మందు పనికివచ్చునని తలపరాదు. కొత్తపేట దాపుననున్న రావులపాలెములో 1993 ఫిబ్రవరి 7వ తేదీన జన్మించిన కిదాంబి శ్రీకాంత్ కథ దీనికి విపర్యయము. అతడు మొదట డబుల్సు, మిక్స్‌డ్ డబుల్సు ఆడుచుండెను. అతని అన్న నందగోపాల్ కూడ డబుల్సు ఆటగాడే. గోపీచంద్ శ్రీకాంతుని ఆటను పరిశీలించి, ఇతడు ఒంటరిగా ఆడదగినవాడని నిర్ణయించి సింగిల్సునకు మరలించెను. 2014 నవంబరులో చైనా ఓపెన్ తుదిపోటీ యందు, రెండుమార్లు ఒలింపిక్ స్వర్ణము గెలిచిన లిన్ డాన్‌ను అతని స్వదేశముననే శ్రీకాంత్ ఓడించెను. 2017లో ఇండొనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్కు, ఫ్రాన్సు సూపర్ సిరీస్ పోటీలు నాలుగింటిని గెలిచెను. 2018 ఏప్రిలులో ప్రపంచమున ప్రథమస్థానము పొందెను. ఒకే సీమలో పుట్టిన ఇద్దరిలో ఒకనికి జంట కూర్చుట మేలైనది; మరియొకనిని జంట నుండి విడదీయుట మేలైనది. పిల్లవానిని కొలబద్దకు సరిపెట్టువాడు కాక, పిల్లవానికి తగిన కొలబద్దను వెదకువాడే నిజమైన గుణగ్రాహి.

ఇంకొక చిక్కు కలదు. బాలుర ఎంపికలో కన్నును మిక్కిలి మోసగించునది వయస్సు. పోటీలలో పిల్లలను వయస్సును బట్టి వర్గములుగా విభజింతురు. ఒకే వర్గములోని ఇద్దరు బాలురలో ఒకడు జనవరిలోను, మరియొకడు డిసెంబరులోను పుట్టియుండవచ్చును. కాగితముపై ఇద్దరి వయస్సును ఒక్కటే. నిజమునకు వారి నడుమ పదునొకండు నెలల యెడమున్నది. పదిపన్నెండేండ్ల ప్రాయమున పదునొకండు నెలలనగా రెండు మూడు అంగుళముల పొడవును, దానికి తగిన బలమును కావచ్చును. పెద్దవాడు గెలుచును, గెలిచినవానినే ఎన్నుకొందురు, ఎన్నుకొన్నవానికే మంచి శిక్షణము లభించును, శిక్షణము వలన అతడు మరింత గెలుచును. కెనడా దేశపు మంచుహాకీ ఆటగాండ్ర పుట్టినరోజులను 1980 దశకములో పరిశీలించినవారు, సంవత్సరపు మొదటి నెలలలో పుట్టినవారు మిక్కిలి ఎక్కువగా నుండుట కనుగొనిరి. జనవరిలో పుట్టినవారికి దైవము అధిక ప్రతిభ నిచ్చినదని ఎవరును నమ్మరు గదా! చూచినవారు ఎదుగుదలను ప్రతిభ యని భ్రమపడిరి, అంతియే. తోటివారికంటె ఆలస్యముగా ఎదుగు పిల్లలకును ఇట్టి అన్యాయమే జరుగుచుండును. కనుక ఈనాడు ఎవడు గెలిచెనని మాత్రమే కాక, రేపు ఎవడు ఎదుగగలడని కూడ ప్రశ్నింపవలెను. ఒక్కనాటి పరీక్షతో నిర్ణయము చేయరాదు.

మరి రేపటి ఎదుగుదలకు గుర్తులెవ్వి? అనుభవజ్ఞులైన శిక్షకులు బాలుడు పాయింటు గెలిచినపుడు కాక, పోగొట్టుకొన్నపుడు చూతురు. అతడు రాకెట్‌ను నిందించుచున్నాడా, తోటివానిని నిందించుచున్నాడా, లేక తరువాతి సర్వీసునకు సిద్ధపడుచున్నాడా? చెప్పిన మాటను విని మరునాడు మార్చుకొనుచున్నాడా? ఎవరును చూడనపుడును అభ్యాసము చేయుచున్నాడా? ఈ గుర్తులు కొలబద్దకును గడియారమునకును అందవు. వీనిని చూచుటకు దినములు కాదు, నెలలు పట్టును.

సాత్విక్, చిరాగ్‌ల విషయమున టాన్ చేసిన ఊహ నిజమా కాదా యని తేలుటకు ఏండ్లు పట్టెను. 2018లో గోల్డ్ కోస్ట్ నగరమున జరిగిన కామన్వెల్త్ క్రీడలలో వారు పురుషుల డబుల్సు రజతము గెలిచిరి. మిశ్రమ జట్టు స్వర్ణమునందును సాత్విక్ పాలుపంచుకొనెను. అప్పటికతనికి పదునేడేండ్లు. 2019 ఆగస్టులో నాటి ప్రపంచ విజేతలైన చైనా జంటను తుదిపోటీలో ఓడించి థాయిలాండ్ ఓపెన్ గెలిచిరి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో వారు మూడు ఆటలలో రెండింట గెలిచిరి. తైవాన్ జంటయైన లీ యాంగ్, వాంగ్ చీలిన్‌లను ఓడించిరి. అయినను గేముల లెక్కలో వెనుకబడుటచే ముందునకు పోలేకపోయిరి. వారి చేతిలో ఓడిన ఆ తైవాన్ జంటయే చివరకు స్వర్ణ పతకము గెలిచెను! ఫలితమును మాత్రమే చూచువాడు ఈ జంట విఫలమైనదని వ్రాసికొని పుస్తకము మూయును. ఆటను చూడనేర్చినవాడు, ప్రపంచములోని ఏ జంటనైనను ఓడింపగల శక్తి వీరికున్నదని గ్రహించును.

ఆ గ్రహింపు సత్యమైనది. 2022 మే 15వ తేదీన బ్యాంకాకులో జరిగిన థామస్ కప్పు తుదిపోటీలో, అంతకుముందు పదునాలుగు మార్లు ఆ కప్పును గెలిచిన ఇండొనేషియాను భారతజట్టు 3-0 తేడాతో ఓడించెను. 1949లో మొదలైన ఆ పోటీలో భారతదేశము విజయము పొందుట అదియే ప్రథమము. ఆనాడు సాత్విక్, చిరాగ్‌లు మొదటి గేమును 18-21తో పోగొట్టుకొని, రెండవదానిని 23-21తోను, మూడవదానిని 21-19తోను గెలిచిరి. తరువాత శ్రీకాంత్ తన ఆటను గెలిచి కప్పును ఖాయపరచెను. జంటలో ఆడినవాడొకడు, ఒంటరిగా ఆడినవాడొకడు. ఇద్దరును కోనసీమలో పుట్టినవారే. వారిద్దరిని చెరియొక త్రోవను నడిపిన శిక్షకుల చూపు ఎంత నిశితమో ఆ దినమున లోకమునకు తెలిసెను.

2022లోనే ఆ జంట ప్రపంచ పోటీలలో కాంస్యము గెలిచెను. 2023 ఏప్రిలులో ఆసియా పోటీలలో స్వర్ణము లభించెను. 1965లో దినేశ్ ఖన్నా గెలిచిన తరువాత ఆ పోటీలలో భారతదేశమునకు వచ్చిన మొదటి స్వర్ణమది. జూన్ మాసమున ఇండొనేషియా ఓపెన్ గెలిచిరి. అక్టోబరులో హాంగ్‌జౌ నగరమున ఆసియా క్రీడల స్వర్ణమును, పిదప ప్రపంచమున ప్రథమస్థానమును పొందిరి. అదే సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన జపాను దేశమున జరిపిన పరీక్షలో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగమును చూపెను. 2013లో మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ నెలకొల్పిన 493 కిలోమీటర్ల రికార్డును అది దాటెను. నేర్పరాని వరమని టాన్ కిమ్ హెర్ ఎంచినది ఇట్టి బలమునే.

విజయముల నడుమ దుఃఖములును లేకపోలేదు. 2024 పారిస్ ఒలింపిక్సులో వారు క్వార్టర్ ఫైనల్సున మలేషియా జంటయైన ఆరన్ చియా, సో వూయ్ యిక్‌ల చేతిలో ఓడిరి. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి కాశీ విశ్వనాథం పరమపదించెను. మొదట గుర్తించిన కన్ను మూతపడెను. అయినను ఆ సంవత్సరము ఆగస్టులో, అదే పారిస్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో, తమను ఓడించిన ఆ మలేషియా జంటనే ఓడించి వారు మరియొక కాంస్యము పొందిరి. ఓడిన తరువాత ఏమి చేయునో చూడవలెనను మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము వెదకనక్కరలేదు.

ఇట్టి గుణగ్రహణము ఒక్క బ్యాడ్మింటన్‌కే పరిమితము కాదు. హైదరాబాదులో ఉపాధ్యాయుడుగా నుండి భారత ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం, సికింద్రాబాదు సమీపమునగల అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అను యువకుని గుర్తించెను. ఆ యువకుడు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునకు పోయిన జట్టులో చేరెను. ఆ జట్టు నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణము గెలిచిన జట్టులోను బలరాం ఉండెను. రహీం వృత్తిచేత బడిపంతులు. పిల్లలను దినదినమును చూచువాడే పిల్లలను బాగుగ ఎరుగునని ఆయన చరిత్రయు చెప్పుచున్నది.

ఇక మొదట చెప్పిన పోలిక ఎచ్చట చెల్లదో చూతము. కొబ్బరి రైతు నారుమడిలో బాగులేని మొక్కలను తీసి పారవేయును. అందువలన ఎవరికిని నష్టము లేదు. కాని బాలురను ఎంచునపుడు మిగిలిపోయినవారు మొక్కలు కారు. ఒక్కడు ఎన్నిక యగుచోట పదుగురు, నూర్గురు ఇండ్లకు మరలిపోవుదురు. వారికి "నీవు పనికిరావు" అని చెప్పుట అన్యాయమే కాక అసత్యము కూడ. ఏలయనగా, ఎంచువాని చూపు ఎంత మంచిదైనను అది ఊహయే, ఊహ తప్పవచ్చును. ఇంతవరకు నీలో ఈ గుణము చూచితిని, ఇది ఇంకను లోపించినది, దీనిని ఇట్లు పూరించుకొనుమని చెప్పి, మరియొకసారి చూచుటకు తలుపు తెరచి యుంచువాడే ధర్మము తెలిసిన పరీక్షకుడు. ఎన్నికయైన బాలునికైనను చదువు మాన్పింపరాదు. కాలు బెణికిననాడును, ఆట విడిచిననాడును ఆదుకొనునది చదువే. ఎన్నిక కానివానికి ఆట మాన్పింపరాదు. ఆరోగ్యమును, స్నేహమును, ఓటమిని సహించు గుణమును ఇచ్చుటకు ఆట పతకముల నడుగదు.

బాలబాలికలారా! మీ తరగతిలో గోడ దూకునపుడు అందరికంటె తేలికగా దూకువాడొకడుండవచ్చును. కాలువలో ఈదునపుడు అలసట యెరుగని బాలిక యుండవచ్చును. ఎన్నడును పోటీకి పేరియ్యని వారు సైతము ఉండవచ్చును. వారి సంగతి మీ ఉపాధ్యాయులకంటె ముందు మీకే తెలియును. అసూయపడక, హేళన చేయక, ఆ పేరు మీ వ్యాయామోపాధ్యాయుని చెవిని వేయుడు. పువ్వు పరిమళించుట దాని ధర్మము. ఆ పరిమళమును గుర్తించి నలుగురికి చెప్పుట మన ధర్మము. ఆ పని మనము చేసిననాడు మన పెరటి చెట్టు మందునకు పనికివచ్చును.